బోర్డు పలకడం లేదా? సీరియల్ దారిని ముక్కలుగా పరీక్షించే పద్ధతి

ఆర్డువినో, ఈఎస్‌పీ32 వంటి మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రామ్‌ను నడిపే చిన్న చిప్) బోర్డుకు రాసిన ప్రోగ్రామ్ ఏ తప్పూ చూపకుండా కంపైల్ అయింది, బోర్డు మీద దీపం వెలుగుతోంది. సీరియల్ మానిటర్ (బోర్డు పంపే అక్షరాలు చూపే కిటికీ) తెరిస్తే మాత్రం ఒక్క అక్షరమూ రాదు. లేదంటే ప్రశ్నార్థకాలూ చతురస్రాలూ కలిసిన చెత్త వచ్చిపడుతుంది. ఇలాంటప్పుడు చాలామంది కోడ్ మీద పడతారు. లైబ్రరీ మారుస్తారు, డ్రైవర్ మళ్లీ ఎక్కిస్తారు, కేబుల్ మారుస్తారు, అన్నీ ఒకేసారి. పనిచేస్తే ఏ మార్పు వల్ల పనిచేసిందో తెలియదు. పనిచేయకపోతే పాత లోపానికి కొత్తవి తోడై ఉంటాయి.

చివరి మడికి నీళ్లు రాకపోతే రైతు ముందు కాలువ గట్టు వెంట నడిచి గండి ఎక్కడ పడిందో చూస్తాడు. ఇక్కడా అంతే. మీ అక్షరం నడిచే దారి ఇది: మైక్రోకంట్రోలర్‌లోని ప్రోగ్రామ్, దాని యూఆర్ట్ విభాగం (అక్షరాలను బిట్లుగా పంపే, అందుకునే భాగం), టీఎక్స్ (పంపే) ఆర్ఎక్స్ (అందుకునే) తీగలు, యూఎస్‌బీ సీరియల్ చిప్, యూఎస్‌బీ కేబుల్, కంప్యూటర్‌లోని డ్రైవర్, చివరగా మీరు తెరిచిన మానిటర్. ఈ దారిని కంప్యూటర్ వైపు నుంచి వెనక్కి ఒక్కొక్క ముక్కగా పరీక్షించాలి. ఒకసారికి ఒకే మార్పు చేయండి, దాని ఫలితం కాగితం మీద రాసుకోండి.

మొదలుపెట్టే ముందు రోగలక్షణం సరిగా గుర్తించండి. అసలేమీ రాకపోవడం వేరు, చెత్త రావడం వేరు. చెత్త వస్తోందంటే నిజానికి శుభవార్తే: కేబుల్, డ్రైవర్, పోర్టు అన్నీ పనిచేస్తున్నాయి, తీగలో ఏదో కదులుతోంది. అలాంటివారు కింది మొదటి మూడు దశలు వదిలేసి 4వ దశలో గ్రౌండ్ చూసుకుని, చెత్త అక్షరాల భాగానికి (5వ దశ) వెళ్లవచ్చు.

1. కంప్యూటర్‌కు బోర్డు కనిపిస్తోందా?

విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి పోర్టుల జాబితా చూడండి. కేబుల్ పీకండి, మళ్లీ పెట్టండి. పీకినప్పుడు మాయమై, పెట్టినప్పుడు తిరిగి వచ్చే పేరే మీ బోర్డుది. కామ్1 ఎప్పుడూ కదలకుండా కనిపిస్తుంటే అది చాలావరకు కంప్యూటర్ సొంత పోర్టు, దానితో మీకు పనిలేదు. లినక్స్‌లో అయితే టెర్మినల్‌లో డీమెస్గ్ ఆదేశం ఇచ్చి చివరి వరుసలు చదవండి. సీహెచ్340, సీపీ2102, ఎఫ్‌టీ232 వంటి చిప్‌లున్న బోర్డు టీటీవైయూఎస్‌బీ0 అనే పేరుతో వస్తుంది. ఏటీమెగా16యూ2 ఉన్న అసలు ఆర్డువినో ఊనో బోర్డు, తమలోనే యూఎస్‌బీ ఉన్న లియొనార్డో వంటివి టీటీవైఏసీఎం0 అనే పేరుతో వస్తాయి.

కేబుల్ పెట్టినా ఎక్కడా ఏ చలనమూ లేకపోతే ముందు అనుమానించాల్సింది ఆ కేబుల్‌నే. ఛార్జింగ్ కోసమే చేసిన కేబుళ్లలో 5 వోల్టుల తీగ, గ్రౌండ్ తీగ మాత్రమే ఉంటాయి, సమాచారం మోసే రెండు తీగలు ఉండవు. బోర్డుకు కరెంటు అందుతుంది కాబట్టి దీపం హాయిగా వెలుగుతుంది, మనం బోర్డు బాగానే ఉందనుకుంటాం. ఫోను నుంచి కంప్యూటర్‌కు ఫొటోలు పంపడానికి పనికొచ్చిన కేబుల్ ఉంటే దానితో ప్రయత్నించండి, ఒక్క నిమిషంలో తేలిపోతుంది. యూఎస్‌బీ హబ్ మధ్యలో ఉంటే తీసేసి నేరుగా పెట్టండి.

పేరు కనిపించినా పక్కన పసుపు రంగు హెచ్చరిక గుర్తు ఉంటే అది డ్రైవర్ సమస్య. బోర్డు మీది చిప్‌పై అక్షరాలు చదివి దానికి తగిన డ్రైవర్ తెచ్చుకోండి. అక్షరాలు మరీ చిన్నవి. ఫోను కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసి చూడటం తేలిక. తక్కువ ధరకు దొరికే ఆర్డువినో నానో నకళ్లలో ఎక్కువగా సీహెచ్340 ఉంటుంది. పీఎల్2303 చిప్ ఉన్న పాత అడాప్టర్లతో (కంప్యూటర్‌కూ బోర్డుకూ మధ్య పెట్టే విడి యూఎస్‌బీ సీరియల్ ముక్కలు) ఇంకో చిక్కుంది. ఆ చిప్ పాత రకాలనూ నకిలీలనూ కొత్త విండోస్ డ్రైవర్ ఒప్పుకోదు. చిప్ పాడవలేదు, డ్రైవర్ పనిచేయనివ్వడం లేదు. పాత డ్రైవర్ వెతికి తిప్పలు పడటం కంటే సీపీ2102 అడాప్టర్ ఒకటి కొనుక్కోవడం మేలని నా సలహా.

ఉబుంటు 22.04 వాడేవారికి ప్రత్యేకంగా ఒక మాట. సీహెచ్340 బోర్డు పెట్టగానే పోర్టు వచ్చి వెంటనే మాయమవుతుంటే, డీమెస్గ్ వరుసల్లో బీఆర్ఎల్‌టీటీవై అనే పేరు ఉందేమో చూడండి. అది చూపు లేనివారు వాడే బ్రెయిలీ పరికరాల కోసం నడిచే సేవ. ఒక బ్రెయిలీ పరికరానికీ ఈ చిప్‌కూ గుర్తింపు సంఖ్య ఒకటే కావడంతో, మీ బోర్డును తన పరికరమే అనుకుని పట్టుకుపోతుంది. ఆ కంప్యూటర్‌లో బ్రెయిలీ పరికరం ఎవరూ వాడకపోతే ఆ ప్యాకేజీ తీసేయండి. వాడేవారుంటే ప్యాకేజీని ముట్టుకోకుండా, ఈ చిప్ సంఖ్య ఉన్న నియమాన్ని మాత్రం ఆపండి.

2. పోర్టు తెరుచుకుంటోందా?

కనిపించడం ఒకటి, తెరుచుకోవడం ఒకటి. విండోస్‌లో ఒక పోర్టును ఒకసారి ఒకే ప్రోగ్రామ్ తెరవగలదు. ఆర్డువినో మానిటర్ తెరిచి ఉంచి పైథాన్ స్క్రిప్టు నడిపితే అనుమతి లేదనే సందేశం వస్తుంది. మానిటర్ మూసేయండి, చాలు. లినక్స్‌లో పరిస్థితి ఇంకా మోసపూరితం. అక్కడ రెండు ప్రోగ్రామ్‌లు ఒకే పోర్టును తెరవడం సాధ్యమే. వచ్చిన అక్షరాలు కొన్ని దీనికి, కొన్ని దానికి పంచుకుపోతాయి. వాక్యాల్లో అక్షరాలు అక్కడక్కడా ఎగిరిపోతుంటే వెనకాల మరిచిపోయిన టెర్మినల్ ఏదైనా తెరిచి ఉందేమో చూడండి.

లినక్స్‌లో అనుమతి లేదని వస్తే మీ యూజర్ పేరును డయలౌట్ గ్రూపులో చేర్చాలి. చేర్చాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి, అప్పటిదాకా ఆ మార్పు అమల్లోకి రాదు. ప్రతిసారీ సుడో పెట్టి (నిర్వాహకుడి అధికారంతో) నడపడం అలవాటు చేసుకోకండి. మ్యాక్‌లో ఒకే పోర్టు రెండు పేర్లతో కనిపిస్తుంది. టీటీవైతో మొదలయ్యేది వదిలి సీయూతో మొదలయ్యేది ఎంచుకోండి.

3. ఒకే ఒక్క జంపర్ వైరుతో లూప్‌బ్యాక్ పరీక్ష

ఈ వ్యాసంలో ఒక్క దశే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. సగం దారిని ఒక్క దెబ్బతో తేల్చేస్తుంది.

విడి యూఎస్‌బీ అడాప్టర్ వాడుతుంటే దానికి తగిలించిన తీగలన్నీ తీసేయండి. దాని టీఎక్స్, ఆర్ఎక్స్ పిన్నులు రెండింటినీ ఒక జంపర్ వైరుతో కలపండి. పుట్టీ వంటి టెర్మినల్ తెరిచి ఫ్లో కంట్రోల్ 'నన్' అని పెట్టండి, లోకల్ ఎకో తీసేయండి. ఇప్పుడు కీబోర్డు మీద ఏది కొడితే అది తెరమీద తిరిగి రావాలి. వచ్చిందా? ఆ వైరు పీకి మళ్లీ కొట్టండి. ఇప్పుడు రాకూడదు. వైరు పీకినా వస్తుంటే అది టెర్మినల్ తనంతట తాను చూపిస్తున్న అక్షరం, తీగలో తిరిగొచ్చింది కాదు.

ఊనో, నానో వంటి బోర్డుల్లో ఈ చిప్ బోర్డు మీదే ఉంటుంది. అక్కడ ముందు రీసెట్ పిన్నును గ్రౌండ్‌కు కలపండి. మైక్రోకంట్రోలర్ రీసెట్‌లో ఉండిపోయి తన పిన్నులను వదిలేస్తుంది. తర్వాత 0వ పిన్నునూ (ఆర్ఎక్స్) 1వ పిన్నునూ (టీఎక్స్) కలిపి ఇదే పరీక్ష చేయండి.

కొట్టిన అక్షరం తిరిగొస్తే కంప్యూటర్, డ్రైవర్, కేబుల్, యూఎస్‌బీ చిప్ నాలుగూ నిర్దోషులు. ఇక ఆ వైపు చూడనక్కర్లేదు. రాకపోతే మైక్రోకంట్రోలర్ కోడ్ ఎంత మార్చినా ఫలితం ఉండదు. ఒక సంగతి మాత్రం ఈ పరీక్ష చెప్పదు: బాడ్ రేటు (సెకనుకు ఎన్ని బిట్లు అనే వేగం) సరిపోయిందో లేదో. పంపేదీ అందుకునేదీ ఒకే చిప్ కాబట్టి ఏ వేగం పెట్టినా ఇది నెగ్గుతుంది.

4. తీగలు, గ్రౌండ్, వోల్టేజీ

అడాప్టర్ టీఎక్స్ మైక్రోకంట్రోలర్ ఆర్ఎక్స్‌కు, అడాప్టర్ ఆర్ఎక్స్ మైక్రోకంట్రోలర్ టీఎక్స్‌కు వెళ్లాలి. ఒకరి నోరు ఇంకొకరి చెవికి అని గుర్తుపెట్టుకుంటే చాలు. రెండు బోర్డుల గ్రౌండ్‌లూ కలపడం మాత్రం చాలామంది మరిచిపోతారు. రెంటికీ వేరువేరుగా కరెంటు ఉంది కదా, గ్రౌండ్ ఎందుకనుకుంటారు. కానీ తీగలో వోల్టేజీ ఎక్కువో తక్కువో కొలిచేది గ్రౌండ్‌తో పోల్చే. అది లేకపోతే కాసేపు పనిచేసి కాసేపు చెత్త ఇచ్చి, చెయ్యి తగిలితే మారిపోయి మతి పోగొడుతుంది.

తర్వాత మల్టీమీటర్ తీయండి. డీసీ వోల్టేజీలో పెట్టి, నల్ల ప్రోబు గ్రౌండ్‌కు, ఎర్రది టీఎక్స్ పిన్నుకు ఆనించండి. ఏమీ పంపకుండా ఖాళీగా ఉన్న టీఎక్స్ దగ్గర 3.3 లేదా 5 వోల్టులు కనిపించాలి. సున్నా కనిపిస్తే ఆ పిన్ను టీఎక్స్ కాదు, లేదా సీరియల్ ఇంకా మొదలవలేదు. మైనస్ 5 నుంచి మైనస్ 12 వోల్టుల మధ్య ఏదైనా కనిపిస్తే వెంటనే ఆగండి. అది ఆర్ఎస్-232 పోర్టు, పాత కంప్యూటర్ల వెనక తొమ్మిది పిన్నులతో ఉండే రకం. అక్కడ 1 అంటే మైనస్ వోల్టేజీ, 0 అంటే ప్లస్. దాన్ని మైక్రోకంట్రోలర్‌కు నేరుగా తగిలిస్తే పిన్ను మాడిపోతుంది. మధ్యలో మాక్స్232 చిప్, 3.3 వోల్టుల బోర్డయితే మాక్స్3232 చిప్ ఉండాలి.

5 వోల్టుల ఊనో టీఎక్స్‌ను ఈఎస్‌పీ32 ఆర్ఎక్స్‌కు నేరుగా కలపకండి, ఈఎస్‌పీ32 పిన్నులు 3.3 వోల్టులకే చేసినవి. ఊనో టీఎక్స్ నుంచి 1 కిలో ఓం, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 2 కిలో ఓంల రెసిస్టర్లు పెట్టి, రెండూ కలిసే చోటు నుంచి తీగ తీసుకుంటే 5 వోల్టులు దాదాపు 3.3కు దిగుతాయి. అటు నుంచి ఇటు వచ్చే 3.3 వోల్టులను ఊనో 1గానే గుర్తిస్తుంది. దానికి కావలసింది 3 వోల్టులు. మార్జిన్ చాలా తక్కువ కాబట్టి తీగలు పొడుగు చేయకండి. అడాప్టర్ మీద 3.3, 5 అని జంపర్ ఉంటే దాన్ని గుడ్డిగా నమ్మవద్దు. కొన్నింటిలో అది కరెంటు ఇచ్చే పిన్నును మాత్రమే మారుస్తుంది, టీఎక్స్ వోల్టేజీని కాదు. అదే మల్టీమీటర్‌తో చూసుకోండి.

మైక్రోకంట్రోలర్ నిజంగా పంపుతోందా అని తేల్చుకోవడానికి ఓసిలోస్కోప్ (వోల్టేజీ మార్పులను గీతగా చూపే పరికరం) లేనివారికి ఒక చిట్కా. ఆంగ్లంలోని పెద్ద 'యు' అక్షరాన్ని విరామం లేకుండా పంపే చిన్న ప్రోగ్రామ్ రాయండి. అక్షరం మొదలునూ ముగింపునూ తెలిపే స్టార్ట్ బిట్, స్టాప్ బిట్ కలుపుకొని ఆ అక్షరం తీగలో 0, 1, 0, 1 అని సరిగ్గా ఒకటి విడిచి ఒకటి వెళుతుంది. సగం సేపు ఎక్కువ, సగం సేపు తక్కువ కాబట్టి మల్టీమీటర్ సగటు చూపిస్తుంది: 5 వోల్టుల బోర్డులో సుమారు 2.5. పూర్తి 5 దగ్గరే నిలబడితే ఏమీ వెళ్లడం లేదు, ప్రోగ్రామ్ ఎక్కడో ఆగిపోయింది.

5. చెత్త అక్షరాలు వస్తుంటే

ముందు ప్రోగ్రామ్‌లోని వేగమూ మానిటర్‌లో ఎంచుకున్న వేగమూ ఒకటేనా చూడండి. చాలామందికి కథ ఇక్కడే ముగుస్తుంది. రెండూ ఒకటే అయినా చెత్త వస్తుంటే లోపల ఏం జరుగుతోందో కొంచెం తెలియాలి.

సీరియల్‌లో గడియారపు తీగ ఉండదు. 9600 వేగంలో ఒక్కో బిట్ 104 మైక్రోసెకండ్లు, 115200లో 8.7 మైక్రోసెకండ్లు ఉంటుందని ఇద్దరూ ముందే ఒప్పందానికి వస్తారు, ఎవరి గడియారం వారు చూసుకుంటారు. అందుకునే చిప్ స్టార్ట్ బిట్ దగ్గర లెక్క మొదలుపెట్టి ప్రతి బిట్ మధ్యలో చూస్తుంది. గడియారాలు కొద్దిగా తేడాగా ఉంటే ఆ తేడా బిట్ బిట్‌కూ పేరుకుని, పదో బిట్ దగ్గరికి వచ్చేసరికి పక్క బిట్‌లోకి జారిపోతుంది. అందుకే మొత్తం తేడా 5 శాతానికి చేరితే పని చెడుతుంది. ఒక్కో వైపు 2 శాతం లోపు ఉంచుకోవడం క్షేమం.

ఇప్పుడు ఊనో సంగతి చూడండి. 16 మెగాహెర్ట్జ్ గడియారాన్ని పూర్ణసంఖ్యలతోనే భాగించాలి కాబట్టి 115200 కచ్చితంగా రాదు. 117647 వస్తుంది, అంటే 2.1 శాతం ఎక్కువ. మామూలుగా నడిచిపోతుంది. అవతలి చిప్ కూడా వ్యతిరేక దిశలో కాస్త తప్పితే నడవదు. 9600లో తేడా 0.2 శాతమే. 250000లో అసలు తేడాయే లేదు, ఎందుకంటే ఆ సంఖ్య 16 మెగాహెర్ట్జ్‌ను శేషం లేకుండా భాగిస్తుంది. అనుమానం వస్తే 9600కు దిగి చూడండి.

బ్రెడ్‌బోర్డు మీద విడి ఏటీమెగా328పీ చిప్ (ఊనోలో ఉండే మైక్రోకంట్రోలర్) పెట్టుకున్నవారికి ఇంకో ఉచ్చు ఉంది. కొత్త చిప్ ఫ్యాక్టరీ నుంచి 1 మెగాహెర్ట్జ్‌లో నడిచేలా వస్తుంది. మీరు బోర్డుల జాబితాలో 16 మెగాహెర్ట్జ్ ఎంచుకుని కంపైల్ చేస్తే, 9600 అని రాసింది తీగలో 600గా వెళుతుంది. దీన్ని పట్టుకోవడం తేలిక: సెకనుకోసారి వెలగాల్సిన దీపం 16 సెకండ్లకు ఒకసారి వెలుగుతుంది. గడియారం చూస్తూ లెక్కపెట్టండి. పైగా చిప్ లోపలి గడియారమైన ఆసిలేటర్ తేడా ఫ్యాక్టరీ లెక్క ప్రకారం 10 శాతం దాకా ఉండవచ్చు. సీరియల్ కావాలంటే బయట క్రిస్టల్ (కచ్చితమైన గడియారపు భాగం) పెట్టుకోండి.

ఈఎస్‌పీ8266 బోర్డు మొదలవగానే ఒక వరుస చెత్త వచ్చి, తర్వాత మీ అక్షరాలు శుభ్రంగా వస్తుంటే కంగారు పడకండి. చిప్ లోపలి బూట్ ప్రోగ్రామ్ 40 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉందనుకుని 115200 వేగంతో మాట్లాడుతుంది. బోర్డు మీద ఉండేది 26 మెగాహెర్ట్జ్. లెక్క వేస్తే 74880 వస్తుంది. మానిటర్‌ను ఆ వేగానికి మారిస్తే ఆ చెత్తే చక్కగా చదవగలిగే సందేశమవుతుంది. బోర్డు ఎందుకు రీసెట్ అయిందో కూడా అందులోనే ఉంటుంది.

చెత్తలా కనిపించే ఇంకొకటి, నిజానికి చెత్త కాదు. సీరియల్ రైట్‌తో 65 పంపితే తెరమీద ఆంగ్ల 'ఏ' వస్తుంది, ప్రింట్‌తో పంపితే 65 అనే వస్తుంది. సెన్సార్ విలువల చోట వింత గుర్తులు వస్తుంటే ఈ రెండింటిలో ఏది వాడారో చూడండి.

6. అప్‌లోడే కాకపోతే

నానోలో సింక్ కుదరలేదనే తప్పు పదేపదే వస్తుంటే, టూల్స్ మెనూలో ప్రాసెసర్ దగ్గర 'ఓల్డ్ బూట్‌లోడర్' ఎంచుకుని చూడండి. బూట్‌లోడర్ అంటే కొత్త ప్రోగ్రామ్‌ను అందుకుని చిప్‌లోకి ఎక్కించే చిన్న ప్రోగ్రామ్. పాతది 57600 వేగంతో, కొత్తది 115200తో మాట్లాడతాయి. నకళ్లలో పాతదే ఎక్కువగా కనిపిస్తుంది. 0, 1 పిన్నులకు హెచ్‌సీ-05 బ్లూటూత్ గానీ జీపీఎస్ గానీ తగిలించి ఉంటే అప్‌లోడ్ చేసేటప్పుడు పీకేయండి. కంప్యూటర్‌తో మాట్లాడేదీ ఆ పిన్నులే. ఈఎస్‌పీ32 'కనెక్టింగ్' దగ్గర చుక్కలు పెడుతూ ఉండిపోతే బోర్డు మీది బూట్ బటన్ నొక్కి పట్టుకుని, అప్‌లోడ్ మొదలయ్యాక వదలండి.

ఊనో, నానో బోర్డుల్లో మానిటర్ తెరవగానే బోర్డు మళ్లీ మొదలవుతుంది. కంప్యూటర్ సిద్ధమని తెలిపే డీటీఆర్ తీగ 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా రీసెట్‌ను తడుతుంది. లోపం కాదు, అప్‌లోడ్ సౌకర్యం కోసం అలా పెట్టారు. పైథాన్‌లో పోర్టు తెరిచిన మరుక్షణం ఆదేశం పంపితే అది బూట్‌లోడర్ చేతికి చిక్కి గల్లంతవుతుంది. తెరిచాక రెండు సెకండ్లు ఆగి పంపండి. లియొనార్డో రకం బోర్డుల్లో దీనికి భిన్నమైన చిక్కు ఉంది. సీరియల్ సిద్ధమయ్యేదాకా వేచి ఉండే వైల్ లూప్ ఉదాహరణ కోడ్‌లలో తరచూ కనిపిస్తుంది. అది అలాగే ఉంచి బోర్డును పవర్‌బ్యాంకుకు తగిలిస్తే, మానిటర్ ఎవరూ తెరవరు కాబట్టి ప్రోగ్రామ్ అక్కడే ఆగి ఉంటుంది. ఈఎస్‌పీ32-ఎస్3, సీ3 బోర్డుల్లో అప్‌లోడ్ అవుతున్నా మానిటర్ ఖాళీగా ఉంటే, టూల్స్ మెనూలో 'యూఎస్‌బీ సీడీసీ ఆన్ బూట్' చేతనం చేసి మళ్లీ ఎక్కించండి.

7. వస్తోంది కానీ సగమే వస్తోంది

ఊనోలో అందుకున్న అక్షరాలు దాచుకునే బఫర్ 64 బైట్లే. 115200 వేగంలో అది దాదాపు 5.5 మిల్లీసెకండ్లలో నిండిపోతుంది. మీ లూప్‌లో సెకను డిలే ఉంటే మిగిలినవి పోయినట్టే, ఏ హెచ్చరికా రాదు. డిలే తీసి, బోర్డు మొదలై ఎన్ని మిల్లీసెకండ్లయిందో చెప్పే మిల్లీస్‌తో కాలం లెక్కించే పద్ధతికి మారండి. మామూలు పిన్నులను సీరియల్‌గా వాడించే సాఫ్ట్‌వేర్‌సీరియల్ లైబ్రరీతో 115200 అందుకోవాలని ప్రయత్నించకండి, 9600 దగ్గర ఉంచండి.

ఆదేశం సరిగానే వచ్చింది, ప్రింట్ చేస్తే సరిగానే కనిపిస్తోంది, కానీ పోలిక మాత్రం తప్పుతోంది. ఇది వరుస చివరి కనిపించని అక్షరం పని. మానిటర్‌లో వరుస ముగింపు ఎంపిక ఉంటుంది. న్యూలైన్, క్యారేజ్ రిటర్న్, రెండూ, ఏదీ లేదు. రెండూ పంపుతుంటే న్యూలైన్ దాకా చదివిన మాట చివర క్యారేజ్ రిటర్న్ మిగిలిపోతుంది. చివరి కనిపించని అక్షరాలు తీసేసేందుకు బోర్డు వైపు ట్రిమ్, పైథాన్ వైపు స్ట్రిప్ పెట్టండి. వచ్చిన మాట పొడవు కూడా ప్రింట్ చేసి చూడండి. 'ఆన్' అనే రెండక్షరాల ఆంగ్ల మాటకు పొడవు మూడని వస్తే దొంగ దొరికినట్టే.

8. మోటారు తిరిగినప్పుడే పోతుంటే

రిలే (కాయిల్‌తో నడిచే స్విచ్) టక్కుమన్న క్షణంలోనే పోర్టు మాయమవుతుంటే కోడ్ వెతకడం మానేయండి. కాయిల్ ఆగినప్పుడు పుట్టే వోల్టేజీ పోటు యూఎస్‌బీని తెంపుతోంది. కాయిల్ మీద డయోడ్ ఉందా, అటుదిటు పడిందా చూడండి. మోటారుకు వేరే సరఫరా ఇవ్వండి, యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులతో తిప్పకండి. సీరియల్ తీగలను మోటారు తీగలతో కలిపి కట్టకండి. ఈఎస్‌పీ32 అయితే వోల్టేజీ పడిపోయినప్పుడు 'బ్రౌనౌట్' అనే మాటతో తానే చెబుతుంది.

ఇన్ని చేసినా తేలకపోతే ఎనిమిది ఛానెళ్ల చవక లాజిక్ అనలైజర్ (తీగలో 0, 1ల రాకపోకలను నమోదు చేసే పరికరం) ఒకటి తెచ్చుకోండి. పల్స్‌వ్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో టీఎక్స్ తీగ మీద పెట్టి, యూఆర్ట్ డీకోడర్‌కు మీ వేగం చెప్పండి. అక్కడ అక్షరాలు సరిగా వచ్చి మానిటర్‌లో రాకపోతే అడాప్టర్ వైపు, అక్కడే తప్పుగా వస్తే మైక్రోకంట్రోలర్ వైపు వెతకాలి. అన్నిటికంటే సన్నని ఒక్క బిట్ వెడల్పును కర్సర్లతో కొలిచి, 1 సెకనును ఆ వెడల్పుతో భాగిస్తే మీ బోర్డు నిజంగా మాట్లాడుతున్న బాడ్ రేటు వస్తుంది.